"అభిజ్ఞానం ముద్రా వా": రెండూ ఒకటేనా?

ప్రశ్న: కౌటిల్యుడి అర్థశాస్త్రం 2వ అధికరణం, 21వ అధ్యాయంలో సుంకం వసూలుదార్లు బిడారు వర్తకుల్ని అడిగి రాసుకోవాల్సినవి ఉన్నాయి: "కే కుతస్త్యాః కియత్పణ్యాః క్వ చాభిజ్ఞానం ముద్రా వా కృతా". ఎవరు, ఎక్కడివాళ్ళు, సరుకెంత అన్నంతవరకు తేలికే. చివరి రెండూ పర్యాయపదాలా?

జవాబు: కావండీ. అదే అధ్యాయంలో ఇంకాస్త కింద, అంతపాలుడు, అంటే సరిహద్దు అధికారి, పరదేశపు బిడారులో మేలురకం సరుకూ నాసిరకం సరుకూ తనిఖీ చేసి "అభిజ్ఞానం ముద్రాం చ దత్త్వా" సుంకాల అధ్యక్షుడి దగ్గరికి పంపాలని ఉంది. 'వా' (లేదా) పోయి 'చ' (మరియు) వచ్చింది చూడండి. అభిజ్ఞానం మనిషి దగ్గరుండే ఆనవాలు, ముద్ర సరుకుమీద పడేది. రెంటినీ సరుకు గుర్తుగానే తీసుకున్న అనువాదం ఉంది గానీ, ఈ 'చ' ముందు అది నిలవదని నా అభిప్రాయం.

మరో జవాబు: జరిమానాలు కూడా చూడాలి. ముద్ర లేకపోతే కట్టాల్సినదానికి రెట్టింపు, కూటముద్రకు, అంటే దొంగ ముద్రకు, సుంకానికి ఎనిమిది రెట్లు. "భిన్నముద్రాణాం" అని పగిలిన ముద్రకు వేరే శిక్ష పెట్టాడు, ఘటికాస్థానంలో నిలపడం. (ఘటికాస్థానం ఏమిటన్నది తలా ఒకరకంగా చెప్పారు.) దొంగ ముద్ర వేరు, దారిలో పగిలిన ముద్ర వేరు అన్న తేడా ఇందులో ఉంది.

ముద్ర పగలడమేమిటంటే, అంతకు వేల ఏళ్ళ ముందటి, గుజరాత్‌లోని హరప్పా నాగరికత పట్టణం లోథల్ గిడ్డంగి మట్టి ముద్రికలు చూడండి. ముందువైపు ముద్ర అచ్చు, వెనకవైపు తాడు ముడి, గుడ్డ నేత జాడలు. మూట బిగించి, ముడిమీద తడిమట్టి అదిమి, పైన ముద్ర నొక్కేవారు. ముడి విప్పాలంటే మట్టి పగలాల్సిందే. మట్టి జారుగా ఉంటే అచ్చు అలుక్కుపోతుంది, ఆరాక నొక్కితే బీటలిస్తుంది. గిడ్డంగి తగలబడి మట్టి కాలింది కాబట్టే అవి మనదాకా మిగిలాయి.

ప్రశ్న: అయితే ముద్రను 'బ్రాండు' అనొచ్చా?

జవాబు: ఇక్కడ అనకూడదు. "రాజముద్రాపరివర్తనే నామకృతే వా" అని తర్వాతి సూత్రం, రాజముద్ర మార్చినా, సరుకు పేరు మార్చినా ఒక్కో మోతబరువుకు పణమూ పావూ (పణం ఆనాటి నాణెం) జరిమానా. ముద్ర రాజుది, వర్తకుడిది కాదు. బ్రాండు కావాలంటే 1వ శతాబ్దపు పొంపేయిలో ఉంది: గారం అనే చేపల ఊట జాడీలమీద "ఎక్స్ ఒఫికినా స్కౌరి", అంటే స్కౌరస్ కార్ఖానాలో తయారైంది అని. ఆ జాడీల బొమ్మల్ని, రాతతో సహా, ఆయన తన ఇంటి నేలమీద రాళ్ళతో పొదిగించుకున్నాడు.