దోమల అసెస్‌మెంట్ బ్యాలెట్‌పై ఒక్కరి సంతకం చాలా?

కాలిఫోర్నియాలో ఉంటాం. మా దోమల నియంత్రణ డిస్ట్రిక్ట్ కొత్త అసెస్‌మెంట్ (ఇళ్ల యజమానుల మీద వేసే రుసుము) కోసం ఇంటి యజమానులకు బ్యాలెట్లు పంపింది. 1996లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 218 అనే ప్రతిపాదనతో రాష్ట్ర రాజ్యాంగంలో చేరిన నియమమిది. తిరిగొచ్చిన బ్యాలెట్లనే, కట్టాల్సిన మొత్తాన్ని బట్టి లెక్కిస్తారు. ఇల్లు నా పేరునా, మా ఆవిడ పేరునా ఉంది. వచ్చింది ఒకే బ్యాలెట్. 3వ తేదీన ‘అవును’ అని గుర్తు పెట్టి, నేనొక్కడినే సంతకం చేసి పోస్ట్ చేశాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. మూడుసార్లు ఫోన్ చేస్తే వాయిస్ మెయిలే. ఈమెయిల్‌కి తొమ్మిది రోజులుగా జవాబు లేదు. ఈ అసెస్‌మెంట్‌పై బహిరంగ విచారణ 21న సాయంత్రం. అందులో ప్రజలు తమ అభిప్రాయాలు చెప్పడం ముగిసేలోపు బ్యాలెట్ మార్చుకోవచ్చని చదివాను. ఈ ఓటు వృథా కాకూడదు: పట్టపగలే కుట్టే దోమలతో మా పాప చీలమండల నిండా ఎర్రటి దద్దుర్లు, స్ప్రింక్లర్ వాల్వ్ పెట్టె నీళ్లలో మెలికలు తిరిగే పిల్లపురుగులు. ఉమ్మడి పేర్ల ఇంటికి ఒక్క సంతకంతో పంపినవారి బ్యాలెట్ చెల్లిందా, లేక ఇద్దరి సంతకాలతో మళ్లీ ఇవ్వాల్సి వచ్చిందా?