అప్‌డేట్: ఈట్-26 స్కోర్లు ఎందుకు ఎక్కువొచ్చాయో తెలిసింది

నల్లగొండ దగ్గర మా బడిలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఈట్-26 (తిండి విషయంలో మానసిక ఇబ్బంది ఉందేమో చూసే 26 ప్రశ్నల పట్టిక) తెలుగు చేసి ఇస్తే, బాగా తినేవాళ్లకూ స్కోరు 20 దాటుతోందేంటని అడిగాను కదా. 20గానీ ఆ పైనగానీ వస్తే డాక్టరుకు చూపించమంటారు. పిల్లల పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా చదివించాను. "తిండిని చిన్న ముక్కలు చేసుకుంటాను" దగ్గర ఒకమ్మాయి, "జొన్నరొట్టె తుంపకుండ ఎట్ల తింటం మేడం?" అంది. 'ఎప్పుడూ' అని టిక్కు పెట్టింది, 3 పడ్డాయి! ఆకలైనా తిననన్నది శనివారం ఒక్కపొద్దు గురించట.

మాటలు విడమరిచి, ఎడంగా కూర్చోబెట్టి, రెండు వారాల తేడాతో రెండుసార్లు ఇచ్చాను. చాలామందివి దగ్గరదగ్గరగానే వచ్చాయి. ఒక పాపకు మాత్రం రెండుసార్లూ 20 పైనే. స్కోరుతోనే జబ్బని తేల్చలేం. అయినా మనసు ఆగలేదు, వాళ్లమ్మతో మాట్లాడాను. సోమవారం ముగ్గురం సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తున్నాం.