కంట్రోల్ లైన్ విమానం: గాలి వచ్చే దిక్కున తీగలు వదులవుతున్నాయి

ప్రశ్న (కొత్తచేయి):
ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉండగా పరిచయమైన కంట్రోల్ లైన్ విమానాలను (చేతిలోని హ్యాండిల్‌కు తీగలతో కట్టి, మన చుట్టూ గుండ్రంగా ఎగరేసే చిన్న నమూనా విమానాలు) ఉద్యోగంలో చేరాక మళ్లీ మొదలుపెట్టాను. 2.5 సీసీ గ్లో ఇంజను (వేడెక్కిన తీగతో ఇంధనం మండే చిన్న ఇంజను), బాల్సా అనే తేలిక కర్రతో చేసిన రెక్క, 16 మీటర్ల ఉక్కు తీగలు. బరువు 600 గ్రాములు. నేల మీద హ్యాండిల్ కదిపితే ఎలివేటర్ (విమానాన్ని పైకీ కిందికీ తిప్పే తోక పలక) చక్కగా పలుకుతోంది. గాలి వీచే రోజున మాత్రం విమానం లేచి, గాలి వచ్చే దిక్కుకు చేరగానే తీగలు వదులై, హ్యాండిల్ ఎంత వంచినా మాట వినకుండా నా వైపు ఒరిగి పడిపోతోంది. బయటి రెక్క కొసన ఇంకొంచెం సీసం పెడితే సరిపోతుందా?

జవాబు (పాత క్యాడెట్):
సీసం సంగతి తరువాత చూద్దాం. ముందు గాలి లేని పూట ఒక చుట్టుకు ఎంత సమయం పడుతోందో చూడండి. మీ చుట్టు సుమారు 100 మీటర్లు; దానిని 5 సెకన్లలో తిరిగితే తీగల మీద దాదాపు కిలోన్నర లాగుడు ఉంటుంది, 7 సెకన్లు పడితే అది 800 గ్రాములకు పడిపోతుంది. ఆ కాస్త బిగువును లోపలికి వీచే గాలి సులువుగా తినేస్తుంది. విమానాన్ని వదిలే చోటు కూడా ముఖ్యమే: గాలి తోక మీద పడే చోట వదిలితే, అది మొదట గాలివాలుకు వెళ్లి, బయటికి నెట్టబడుతూ వేగం పుంజుకున్న తరువాతే ఎదురు దిక్కుకు వస్తుంది.

జవాబు (బాల్సా పొట్టు):
సీసం ఉన్నది లోపలి వైపు వేలాడే తీగల బరువుకు సరితూగడానికే కాని, బిగువు పుట్టించడానికి కాదు. ఎక్కువైతే పదునైన మలుపుల్లో బయటి రెక్క వాలిపోతుంది. విమానం మీ కంటి ఎత్తున ఎగురుతున్నప్పుడు రెక్క పైభాగం కనిపిస్తే బయటి కొస తేలిక, అడుగుభాగం కనిపిస్తే బరువు. తీగలు రెక్క కొస నుంచి బయటికి వచ్చే చోటు గరిమనాభికి కొంచెం వెనుక ఉందా, ఇంజను ముక్కు రెండు డిగ్రీలు బయటికి తిరిగి ఉందా అన్నవి కూడా సరిచూడండి.

కొత్తచేయి:
నిన్న చూశాను, చుట్టుకు 7 సెకన్లకు తగ్గడం లేదు. ఇంజను గొంతు కూడా బొంగురుగానే ఉంది.

పాత క్యాడెట్:
అయితే ఇంధనం ఎక్కువగా పోతోంది. ఇంధనాన్ని అదుపు చేసే సూది మరను కొంచెం కొంచెంగా బిగిస్తూ, మోత పలుచబడి సన్నటి కూతగా మారే చోటికి తెచ్చి, అక్కడి నుంచి ఒక్క పిసరు వదులు చేయండి. ఈలోగా తీగలు వదులైతే హ్యాండిల్ వంచుతూ నిలబడకండి. చేతిని ఛాతీ వైపు లాక్కుంటూ గబగబా వెనక్కి నడవండి, తీగలు బిగిశాకే ఎలివేటర్ పలుకుతుంది.