చుక్క కనబడదు, కూలెంట్ మాత్రం తగ్గుతుంది: పాత కారుకు ముందు ఏ పరీక్ష చేయాలి?

బానెట్‌కింద

పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కారు. అల్యూమినియం రేడియేటర్, దానికి రెండు పక్కలా ప్లాస్టిక్ ట్యాంకులు. వారానికి పావు లీటరు కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతుంది కానీ బండి నిలిపిన చోట నేల పొడిగానే ఉంటుంది. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది, ఆయిల్ తెల్లబడలేదు. ఇలాంటి కేసు వచ్చినప్పుడల్లా మూడు మాటలు వినబడతాయి. ప్రెజర్ టెస్ట్ చేయమని ఒకరు, యూవీ డై (యూవీ టార్చి వెలుగులో మెరిసే రంగు) వేసి తిప్పమని ఇంకొకరు, పావు లీటరుకు ఇంత శ్రమ దేనికి, స్టాప్ లీక్ (లోపలి నుంచి లీకును పూడ్చే సీలెంట్) పోసేయమని మరొకరు. నా ఓటు ప్రెజర్ టెస్ట్‌కే. అదీ రాత్రంతా నిలిపి ఉంచిన చల్లటి ఇంజన్ మీద.

కారణం ఇదీ. నడుస్తున్న బండిలో ఒత్తిడితో పాటు వేడి కూడా ఉంటుంది కాబట్టి సన్నగా చెమర్చిన కూలెంట్ వేడి లోహానికి తగలగానే ఆవిరైపోతుంది. నేల మీదికి దిగదు. చల్లటి ఇంజన్‌కు చేతిపంపుతో ఒత్తిడి ఎక్కిస్తే అదే కూలెంట్ ఆరిపోకుండా చుక్క కడుతుంది. రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటే 0.9 బార్, 1.1 అని ఉంటే 1.1 బార్ ఎక్కించాలి, అంతకు మించి వద్దు. పెళుసెక్కిన ప్లాస్టిక్ ట్యాంకుకు 1.5 బార్ కొడితే లేని లీకు పుట్టుకొస్తుంది. ఎక్కించాక 20 నిమిషాలు ఆగి పంపు మీది ఒత్తిడి ముల్లు చూడండి. ఆగుతున్నంతసేపూ టార్చి, చిన్న అద్దం పట్టుకుని పైనుంచి కిందికి వెతకండి. తడి కింద ఎక్కడ పోగైనా, దాని పై అంచు దగ్గరే లీకు ఉంటుంది. నడిచే బండిలో ఫ్యాన్ గాలి కూలెంట్‌ను వెనక్కి చిమ్మి దారి తప్పిస్తుంది, ఆగి ఉన్న ఇంజన్‌లో ఆ గొడవ లేదు.

స్పానర్14

బానెట్‌కింద గారూ, మీరు ఒత్తిడి ఒక్కటే ఇస్తున్నారు. వేడి లేదు, పంప్ తిరగడం లేదు. వాటర్ పంప్ సీల్ ఆగి ఉన్నప్పుడు పట్టి ఉంచి, ఇరుసు తిరిగేటప్పుడు వదిలేయడం కొత్తేమీ కాదు. ట్యాంకు మెడ దగ్గరి వెంట్రుకంత పగులు వేడికి సాగాకే నోరు తెరుస్తుంది. 20 నిమిషాలు ముల్లు నిలబడిందని "లీకు లేదు" అని చెప్పి పంపిస్తే, వచ్చే వారం మళ్లీ పావు లీటరు తగ్గి ఉంటుంది.

అందుకే నేను డై వైపు. కూలెంట్‌లో కలిసే రకమే కొనాలి. ఏసీకి వాడే డై నూనెలో కలిసేది, అది ఇక్కడ పనికిరాదు. వేయకముందే ఇంజన్‌ను ఒకసారి కడిగి, చీకట్లో యూవీ టార్చి కొట్టి చూడాలి, ఎందుకంటే కొన్ని కూలెంట్లు డై లేకుండానే మెరుస్తాయి. ఆ పాత మరకలు ఎక్కడున్నాయో తెలియకపోతే తర్వాత అవే మోసం చేస్తాయి. డై పోసేటప్పుడు ఒలికితే వెంటనే నీళ్లతో కడిగేయాలి. తర్వాత హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి రెండు మూడు రోజులు మామూలుగా తిప్పండి. హీటర్ తెరవకపోతే కొన్ని బండ్లలో ఆ గొట్టాల్లోకి డై అసలు పోదు. పసుపు కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఎప్పుడో ఆరిపోయిన జాడ కూడా పట్టుబడుతుంది. ప్రెజర్ టెస్ట్‌లో చుక్క కారుతుండగా మనం అక్కడే ఉండాలి, డైకి ఆ ఇబ్బంది లేదు.

బానెట్‌కింద

డై మంచిదే, కానీ టార్చి వెలుగు పడే చోటే అది పని చేస్తుంది. టైమింగ్ కవర్ వెనకా, డ్యాష్‌బోర్డ్ లోపలి హీటర్ కోర్‌లో (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్), సిలిండర్ లోపలా ఏం జరుగుతుందో డై చెప్పలేదు. ముల్లు చెబుతుంది. ముల్లు పడిపోతూ, బయట ఎక్కడా తడి లేకపోతే లీకు లోపల ఉందన్నమాట. అప్పుడు హీటర్ కోర్‌కు పోయే రెండు గొట్టాలనూ నున్నటి దవడల పటకారుతో నొక్కి పట్టి మళ్లీ అంతే ఒత్తిడి ఎక్కించండి. ఈసారి ముల్లు నిలబడితే దోషం హీటర్ వైపే. గట్టిపడిన పాత గొట్టాన్ని మాత్రం నొక్కకండి, లోపల పగులుతుంది. దాని బదులు రెండు గొట్టాలూ ఊడదీసి, ఇంజన్ వైపు రెండు మూతులనూ యూ ఆకారపు గొట్టంతో కలిపేయండి.

వేడి మీద కూడా చేయాలన్న మాట ఒప్పుకుంటాను, కానీ అందులో ఒక తిరకాసు ఉంది. వేడి ఇంజన్‌కు ఒత్తిడి ఎక్కించి ఆపేస్తే, చల్లబడుతున్నకొద్దీ లోపలి ద్రవం కుంచించుకుని ముల్లు దానంతటదే దిగుతుంది. దాన్ని లీకనుకుని ఇంజన్ హెడ్ (సిలిండర్ల పై భాగం) విప్పించిన వాళ్లున్నారు. వేడి మీద ముల్లును నమ్మొద్దు, కంటితో చూసిన తడినే నమ్మాలి.

టార్చిలైటు

ఇద్దరూ మూత సంగతి వదిలేశారు. టెస్టర్‌ను, అంటే ఆ చేతిపంపును, మూత స్థానంలో బిగిస్తాం, అంటే ఆ పరీక్షలో మూత లేనే లేదు. మిగతా వ్యవస్థంతా గట్టిగా ఉండి, మూత స్ప్రింగ్ సడలిపోయి ఉంటే ప్రెజర్ టెస్ట్ పాసవుతుంది, కూలెంట్ తగ్గుతూనే ఉంటుంది.

సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు గాలి ఒత్తిడిలో దాదాపు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 1 బార్ మూత దాన్ని 129 దాకా తీసుకెళ్తుంది. స్ప్రింగ్ అర బార్‌కే వదిలేస్తే ఎక్కువ లోడ్ మీద కూలెంట్ ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి బయటికి పోతుంది, నడిచే బండి కింద అది ఎవరికీ కనబడదు. టెస్టర్‌తో వచ్చే అడాప్టర్‌కు మూతను తగిలించి పంపు కొట్టండి. రాసిన ఒత్తిడికి దగ్గర్లో తెరుచుకోవాలి, దానికి కాస్త దిగువన ముల్లు నిలబడాలి. కింద రబ్బరు వాచినా, చీలినా పరీక్ష కూడా అక్కర్లేదు, మార్చేయండి. చల్లబడేటప్పుడు కూలెంట్‌ను రిజర్వాయర్ నుంచి వెనక్కి లాగే చిన్న వాల్వు ఒకటి మధ్యలో ఉంటుంది. అది ఇరుక్కుంటే పొద్దున పై గొట్టం చప్పిడిగా లోపలికి అతుక్కుపోయి కనబడుతుంది.

మూత ఎప్పుడైనా ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీయాలి. గొట్టం నొక్కితే మెత్తగా ఉంటేనే.

పాతబండి

స్టాప్ లీక్‌ను ఇక్కడ ఎవరూ సమర్థించడం లేదు కాబట్టి నేను మాట్లాడతాను. రేడియేటర్ సన్న గొట్టంలో సూది మొన అంత రంధ్రం, లేదా హీటర్ కోర్ కొద్దిగా చెమర్చడం, ఈ రెంటికీ అది పని చేస్తుంది. చాలా కార్లలో హీటర్ కోర్ మార్చాలంటే డ్యాష్‌బోర్డ్ మొత్తం దించాలి. విప్పేటప్పుడు పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్పులు సగం విరుగుతాయి, ఆ తర్వాత జీవితాంతం డ్యాష్‌బోర్డ్ కిరకిరలాడుతుంది. చెమర్చే కోర్ కోసం పాత కారును ఆ స్థితికి తేవడం సరైన పని అనిపించుకోదు.

ఇది కేవలం రోడ్డు పక్కన చేసే చిట్కా కూడా కాదు. 1982 మోడల్‌తో వచ్చిన కాడిలాక్ హెచ్‌టీ4100 ఇంజన్‌కు అల్యూమినియం బ్లాకు, ఇనుప హెడ్లు. కూలెంట్ మార్చినప్పుడల్లా సీలెంట్ గుళికలు వేయాలని జనరల్ మోటార్స్ చెప్పింది. తయారీదారే వేయించిన వస్తువును విషంలా చూడటం న్యాయం కాదు.

స్పానర్14

గుళికలు వేయించింది శుభ్రమైన కూలెంట్ ఉన్న వ్యవస్థలో, కొలిచిన మోతాదులో. పదిహేనేళ్ల బండిలో రేడియేటర్ అడుగున అప్పటికే తుప్పు మడ్డి ఉంటుంది. కుళాయి నీళ్లు పోసి నడిపిన బండైతే సున్నపు పొర కూడా తోడవుతుంది. అందులో పీచో, అల్యూమినియం పొడో కలిపితే మడ్డిని కూడా పట్టుకుని గడ్డ కడుతుంది. కూలెంట్ దారిలో అన్నిటికంటే సన్నవి హీటర్ కోర్ గొట్టాలు, నెమ్మదిగా పారేదీ అక్కడే. కాబట్టి ముందు పూడేవి అవే. లీకు ఆగినట్టే ఉంటుంది, చలికాలంలో హీటర్ నుంచి చల్లగాలి వస్తుంది. మూత వాల్వు, గాలి తీసే స్క్రూ రంధ్రం, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) మీది చిన్న గాలి రంధ్రం కూడా అదే వరసలో పూడతాయి.

ఇక అది పట్టని చోట్లు. రబ్బరు గొట్టం, క్లిప్పు, ప్లాస్టిక్ ట్యాంకు పగులు, పంప్ సీల్, వీటిలో దేన్నీ అది నిలపలేదు. ఇవన్నీ కదిలేవి, సాగేవి. గట్టిపడిన పదార్థం వాటిమీద మళ్లీ మళ్లీ విరుగుతుంది. బయట కనబడే లీకుల్లో ఎక్కువ భాగం ఇవే. లీకెక్కడో తెలియకుండా పోయడం మీదే నా అభ్యంతరం.

గ్యాస్కెట్

పోసే ముందు ఇంకో పరీక్ష తప్పనిసరి. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీల్) దాటి సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుందేమో చూడాలి. ఆయిల్ తెల్లబడలేదని గ్యాస్కెట్ బాగుందనుకోవడం పెద్ద పొరపాటు. కూలెంట్ దారికీ సిలిండర్‌కూ మధ్య మాత్రమే తెగితే ఆయిల్ శుభ్రంగానే ఉంటుంది.

పరికరం చిన్నదే, నీలి రంగు ద్రవం ఉన్న గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి. ఆ ద్రవం బ్రోమోథైమాల్ బ్లూ. కార్బన్ డయాక్సైడ్ తగిలితే పసుపు అవుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మెడ నుంచి కూలెంట్‌ను నాలుగైదు సెంటీమీటర్లు తోడేయండి. ఇది చేయకపోతే వేడికి పొంగిన కూలెంట్ గొట్టంలోకి ఎక్కి ద్రవాన్ని పాడుచేస్తుంది, ఫలితం చెల్లదు. మూత తీసే ఉంచి ఇంజన్‌ను నడపండి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక గొట్టాన్ని మెడకు అదిమిపట్టి ఒకటి రెండు నిమిషాలు బుడ్డి నొక్కుతూ గాలి లాగండి. తలుపులు మూసిన షెడ్డులో చేయకండి. సైలెన్సర్ పొగే రంగు మార్చేస్తుంది, మీ ఆరోగ్యానికీ ప్రమాదం. డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి డీజిల్‌కు చెప్పిన ద్రవమే వాడాలి.

పసుపు వస్తే సందేహం లేదు. నీలంగా ఉండిపోతే మాత్రం పూర్తి భరోసా కాదు, లోడ్ మీద మాత్రమే తెరుచుకునే సన్న లీకు ఐడిల్‌లో దొరకదు. అప్పుడు సాయంత్రం స్పార్క్ ప్లగ్గులు విప్పి, చల్లటి ఇంజన్‌కు ఒత్తిడి ఎక్కించి రాత్రంతా వదలండి. పొద్దున ప్లగ్గు రంధ్రంలోంచి బోరోస్కోప్ (సన్న తీగ కెమెరా) దించి చూడండి. మిగతా పిస్టన్లు నల్లగా ఉండి, ఒకటి మాత్రం ఆవిరికి కడిగినట్టు శుభ్రంగా ఉంటే, లేదా దానిమీద తడి నిలిచి ఉంటే, సిలిండర్ ఏదో తేలిపోయినట్టే. తడి కనబడ్డ సిలిండర్‌తో ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయకండి. ద్రవం నొక్కుడుపడదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

టార్చిలైటు

ఈ దశకు రాకముందే కంటికి దొరికే చోట్లు కొన్ని ఉన్నాయి.

వాటర్ పంప్ ఇరుసు కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీల్ వదిలితే కూలెంట్ బయటపడటానికే దాన్ని పెట్టారు. దాని కింద కాస్త మరక ఉంటే కంగారు వద్దు. గట్టి తెల్లటి చారో, కూలెంట్ రంగు పొడో పేరుకుంటే పంప్ పోయినట్టే. టైమింగ్ బెల్టుతో తిరిగే పంప్ అయితే కవర్ కింది అంచు చూడండి. అక్కడ తడి ఉంటే బెల్టు, టెన్షనర్, పంప్ మూడూ ఒకేసారి మార్చాలి, కూలెంట్‌లో తడిసిన బెల్టును తిరిగి వేయొద్దు.

ఇంజన్ బ్లాకు పక్కల గుండ్రటి కప్ ప్లగ్గులు లోపలి నుంచి తుప్పు తింటాయి, బయటికి పెయింటు బాగానే ఉంటుంది. సైలెన్సర్ మానిఫోల్డ్ వెనక దాక్కున్నది లీకైతే ఎప్పటికప్పుడు ఆవిరైపోతుంది. ఈ చర్చలో చెప్పిన పొడి నేల కేసుల్లో దాన్ని తప్పకుండా అనుమానించాలి.

గొట్టాలను మధ్యలో నొక్కి వదిలేస్తారు చాలామంది. క్లిప్పుకు ఐదు సెంటీమీటర్ల లోపు బొటనవేలితో నొక్కండి. రబ్బరు లోపలి నుంచి చీలడం చివర్ల దగ్గరే మొదలవుతుంది. అక్కడ మధ్య భాగం కంటే మెత్తగా, లోపల చీలికలు తగిలినట్టు ఉంటే మార్చే టైమయింది. పంప్ నుంచి హెడ్‌కు పోయే పొట్టి బైపాస్ గొట్టాన్ని, థ్రాటిల్ బాడీకి పోయే సన్న గొట్టాలను మరిచిపోవద్దు.

కారు లోపల ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉందా? వేళ్ల మధ్య రుద్దండి. జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కోర్. వాసన లేని నీళ్లయితే ఏసీ డ్రెయిన్ గొట్టం పూడిందేమో చూడండి. నాలుకతో రుచి చూడకండి, ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ తాగేస్తాయి, కారిందంతా తుడిచేయండి.

పాతబండి

గ్యాస్కెట్ గారి పరీక్ష, టార్చిలైటు గారి తనిఖీ అయ్యాకే పోయాలన్నదానికి నాకు అభ్యంతరం లేదు. అవి రెండూ చేసి, దోషం హీటర్ కోర్ చెమర్చడమే అని తేలితే మాత్రం నా మాట మీదే ఉంటాను. ముందు వ్యవస్థను శుభ్రంగా కడగండి, అడుగు మడ్డి పోయేదాకా. తర్వాత పీచు రకం సీలెంట్‌ను మీ బండి కూలెంట్ ఎన్ని లీటర్లో దానికి తగిన మోతాదులోనే వేయండి. లీకు ఆగలేదని రెండో డబ్బా మాత్రం వద్దు. గాజు ద్రవమనే సోడియం సిలికేట్ రకం వేరు, వేడికి గట్టిపడుతుంది, గ్లైకాల్ ఉన్న కూలెంట్‌తో చాలావరకు పడదు. దాన్ని హీటర్ కోర్‌కు నేనూ చెప్పను.

స్పానర్14

ఆ షరతులతో అయితే, అమ్మేయబోయే బండి కాకపోతే, సరే. కొనేవాళ్లకు చెప్పకుండా పోసి అమ్మడం మోసం.

బానెట్‌కింద

చివరికి క్లిప్పుల సంగతి. పొద్దున చలిలో కారి, వేడెక్కాక ఆగిపోయే లీకులు ఎక్కువగా అక్కడే. చలికి రబ్బరు లోహం కంటే ఎక్కువ కుంచించుకుంటుంది, స్క్రూతో బిగించే క్లిప్పు ఆ ఖాళీని పూడ్చలేదు. స్ప్రింగ్ క్లిప్పు దానంతటదే సర్దుకుంటుంది. ఫ్యాక్టరీ స్ప్రింగ్ క్లిప్పు తుప్పు పట్టకపోతే తీసి స్క్రూ క్లిప్పు వేయకండి. వేయాల్సి వస్తే, గొట్టం ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ ఒకసారి బిగించాలి, రబ్బరు క్లిప్పు అంచుల్లోంచి పొంగేంతగా కాదు. బిగించే ముందు మూతి మీది తెల్లటి పొరను సన్న గరుకు కాగితంతో రుద్ది తీసేయండి. కొత్త గొట్టం కూడా ఆ పొర మీద కారుతుంది.

రిపేరయ్యాక డిస్టిల్డ్ నీళ్లతో సగానికి సగం కలిపి నింపండి. బండి ముందు భాగం ఎత్తులో పెట్టి, హీటర్ వేడి మీద ఉంచి గాలి పోయేదాకా నడపండి, మర్నాడు చల్లటి ఇంజన్‌కు అదే ఒత్తిడితో మళ్లీ 20 నిమిషాలు పరీక్షించండి. సమతలంగా ఉన్న చోట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ మీద టేపు అంటించి మట్టం గుర్తు పెట్టుకోండి. మొదటి రెండు రోజుల్లో మట్టం కొద్దిగా దిగితే అది లోపల మిగిలిన గాలి, ఆ తర్వాత కూడా దిగుతుంటే మొదటి పరీక్ష నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.