అప్‌డేట్: విమాన బుకింగ్ వ్యవస్థలు నడిపే పెద్ద సంస్థలో చేరాను

ఆ సంస్థ గురించి ఉద్యోగులు ఆన్‌లైన్‌లో రాసిన అభిప్రాయాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి, ఆఫర్ ఒప్పుకోవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఒప్పుకున్నాను.

బాగా పనికొచ్చిన సలహా: కంపెనీ గురించి కాదు, బృందం గురించి విచారించమన్నది. సంతకానికి ముందే కాబోయే మేనేజర్‌ను రెండు ప్రశ్నలు అడిగాను: కోడ్ ఏ కాలానిది, అర్ధరాత్రి సమస్య వస్తే ఫోను ఎవరికి వెళ్తుంది? ఆయన దాచకుండా చెప్పారు. అభిప్రాయాలు ఎందుకు కలవవో అప్పుడు అర్థమైంది. ఈ రంగానికి పునాది 1960లలో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి నిర్మించిన సేబర్ అనే కంప్యూటర్ బుకింగ్ వ్యవస్థ. కంప్యూటర్లు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పాత పద్ధతి ఎడిఫ్యాక్ట్; ఆ సందేశాలు ఇంకా వాడుకలో ఉన్నాయి. వాటి పక్కనే 2012లో ఐఏటీఏ (విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం) మొదలుపెట్టిన ఎన్‌డీసీ, అంటే టికెట్ల అమ్మకానికి వచ్చిన కొత్త సందేశ పద్ధతి. పాత భాగంలో పనిచేసేవారికి విసుగు, కొత్త భాగంలో ఉన్నవారికి ఉత్సాహం. ఇద్దరూ నిజమే రాశారు.

నాది మధ్యలో ఉన్న బృందం. ఒక విమానం వేళ మారితే చాలు, దానిలో సీట్లున్న ప్రతి పీఎన్‌ఆర్‌నూ మళ్లీ సరిచూడాలి; తర్వాతి విమానం అందదేమో, పసిబిడ్డ టికెట్ పెద్దవాళ్ల టికెట్ నుంచి విడిపోయిందేమో చూసుకోవాలి. ఈ పని నాకు ఎంతో నచ్చింది. రాత్రి ఫోను వంతుల వారీగా వస్తుంది, అది మాత్రం కష్టమే.

ఉద్యోగులకు రాయితీ విమాన టికెట్ల గురించి సమాధానాల్లో జరిగిన చర్చ నా నిర్ణయానికి అక్కరకు రాలేదు. కంపెనీకి ఉద్యోగులు ఇచ్చిన స్టార్ రేటింగుల సగటు కూడా అంతే.