7 కేజీల బ్యాగ్‌లో చలి బట్టలు ఎలా సర్దాలి?

వచ్చే నెల పది రోజుల ప్రయాణం ఉంది. మొదటి సగం ఎండ, ఉక్కపోత. రెండో సగం కొండల్లో గట్టి చలి. ఒక్క క్యాబిన్ బ్యాగ్‌తోనే వెళ్లాలని ఉంది. మా విమానం టికెట్‌కి చేతి సామాను 7 కేజీలే అనుమతి. ఖాళీ బ్యాగే రెండు కేజీలు తూగుతోంది, అదొక బాధ!

ఎండ బట్టలతో టెన్షన్ లేదు. కాటన్ ఆరడానికి ఆలస్యమవుతుంది కాబట్టి పాలిస్టర్ టీషర్టులు మూడు పెట్టుకుని, రాత్రిపూట ఉతుక్కుంటాను. షాంపూ లాంటివి 100 మి.లీ. లోపు సీసాల్లో పోస్తాను. పవర్ బ్యాంక్ ఎలాగూ చేతి సామానులోనే ఉండాలి, దాని బరువు తప్పదు.

చిక్కంతా చలి బట్టలతోనే. లావుపాటి జాకెట్ ఒక్కటే సగం బ్యాగ్ తినేస్తుంది. దాని బదులు లోపల థర్మల్స్ (ఒంటికి అతుక్కునే వెచ్చటి లోదుస్తులు), మధ్యలో ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే తేలికపాటి స్వెటర్), పైన గాలిని ఆపే పల్చటి జాకెట్ వేసుకుంటే సున్నా డిగ్రీల దగ్గర చలి ఆగుతుందా? ఇలా పొరలుగా వేసుకుని తిరిగినవాళ్లు చెప్పండి. వాక్యూమ్ సంచులు మాత్రం సూచించకండి. అవి చోటు మిగులుస్తాయి గానీ బరువు తగ్గించవు కదా.

ఇంకొకటి, షూస్ ఒక్క జత చాలా? అవి తడిస్తే మీరేం చేస్తారు?