ఇంటర్వ్యూలు టైపు చేయడానికి డిజిటల్ రికార్డర్ కొనాలా, ఫోన్ చాలా?

నల్గొండ_అమ్మాయి:
అందరికీ నమస్తే. పీహెచ్‌డీ కోసం పుట్టపాక, కొయ్యలగూడెం వైపు చేనేత ఇళ్లల్లో పెద్దవాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా టైపు చేస్తున్నాను. ఇప్పటికి 11 ఇంటర్వ్యూలు అయ్యాయి, అన్నీ ఫోన్‌లోనే. గంట మాటలు రాయడానికి రెండు రోజులు పడుతోంది, మగ్గం పక్కన కూర్చుని తీసినవైతే సగం వినపడవు. నిన్న ఒక తాత ‘ఆసు’ అన్నాడో ‘అచ్చు’ అన్నాడో తేల్చుకోలేక ఒకే ముక్క ముప్ఫైసార్లు విన్నాను. రెండూ నేత పని మాటలే (ఆసు అంటే నూలును మేకుల మీదుగా చుట్టే పని, అచ్చు అంటే మగ్గంలో పడుగు దారాలు దూరే దువ్వెనలాంటి పనిముట్టు), ఒకదాని బదులు ఇంకోటి రాస్తే ఆయన చెప్పిన పనే మారిపోతుంది. మా గైడ్ గారు ఏడెనిమిది వేలు పెట్టి రికార్డర్ కొనమంటున్నారు. నిజంగా అంత తేడా ఉంటుందా?

పాత_టైపిస్టు:
అమ్మా, నేను 2001లో హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో చేరాను, అమెరికా డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే పని. ట్రైనింగ్ క్యాసెట్ల మీద జరిగింది. అర్థం కాని మాట కోసం టేపు వెనక్కి తిప్పితే అది ఎప్పుడూ ఇంకాస్త వెనక్కి పోయేది, ఒకే చోట పదేపదే తిప్పితే అక్కడ టేపు సాగిపోయేది, స్పీడు తగ్గిస్తే ఆడవాళ్ల గొంతు కూడా మగగొంతులా వినిపించేది. డిజిటల్ ఫైళ్లు చేతికొచ్చాక సరిగ్గా కావలసిన సెకనుకు వెళ్లగలిగాం, గొంతు మారకుండా నెమ్మదిగా వినగలిగాం, అదే మమ్మల్ని కాపాడింది. నువ్వు ఫోన్ ప్లేయర్‌లో వింటూ టైపు చేస్తున్నావేమో, ముందు అది మానెయ్. ఓట్రాన్స్‌క్రైబ్ అని ఉచితంగా బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఎస్కేప్ నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే కాస్త వెనక నుంచి మొదలవుతుంది, కంట్రోల్ జె కొడితే ఆ సమయం రాతలో పడుతుంది. కీబోర్డు మీద నుంచి చెయ్యి తీయక్కర్లేదు. దీనికే నీ రెండు రోజుల్లో చాలా భాగం మిగులుతుంది.

ధ్వని_పిచ్చి:
అక్కా, మీ ఆసు, అచ్చు గొడవకి కారణం ఉంది. మనం ‘అచ్చు’ అన్నప్పుడు పలికేది ‘చీమ’లో చకారం కాదు, ‘చాప’లో వచ్చే దంత్య చకారం. అంటే ముందు క్షణకాలం నిశ్శబ్దం, తర్వాత ‘స్’ లాంటి ఊదు. మొదట్లో ఆ, అ పొడవు తేడా పక్కన పెడితే, ‘ఆసు’లో ఆ నిశ్శబ్దం ఉండదు, అంతే. మగ్గం చప్పుడు సరిగ్గా ఆ ఖాళీని పూడ్చేస్తుంది. పైగా ‘స’ శబ్దంలో బలం చాలావరకు 4000 హెర్ట్జ్ పైనే ఉంటుంది, ఫోన్‌లో కొన్ని రికార్డింగ్ యాప్‌లు సైజు తగ్గించడానికి 8000 శాంప్లింగ్‌తో, అంటే శబ్దాన్ని సెకనుకు 8000 సార్లే కొలిచి తీస్తాయి, అప్పుడు అందులో సగమైన 4000 పైన ఉన్నదంతా పోతుంది. పోయింది తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చి ఇవ్వలేదు.

అందుకే ముందు సెట్టింగులు చూడండి. వావ్ ఫార్మాట్ (శబ్దాన్ని కుదించకుండా దాచేది), 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో. నిమిషానికి 5 ఎంబీ చిల్లర, 32 జీబీ కార్డులో దాదాపు 100 గంటలు పడుతుంది, ఇంకెందుకు పిసినారితనం. రికార్డర్ కంటే ముందు కాలర్ మైకు కొనండి, కొన్ని వందల్లోనే దొరుకుతుంది, తాత నోటికి జానెడు దూరంలో చొక్కాకి పెట్టండి. మూడడుగుల దూరంలో బల్ల మీద పెట్టిన ఖరీదైన రికార్డర్ దాని ముందు నిలవదు. గొంతు పెద్దదైనప్పుడు కూడా మీటర్‌లో లెవెల్ మైనస్ 12 డెసిబెల్ దగ్గరే ఉండాలి, పైకి కొట్టుకుంటే ఆ మాట చిట్లిపోయినట్టే. ఫోన్ అయితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు.

రికార్డర్ వద్దని కాదు, రోజంతా ఊళ్లో తిరుగుతుంటే బ్యాటరీ టెన్షన్ ఉండదు. కానీ రెండోది అది.

కడప_రాజు:
ఏఐకి ఇచ్చేయండి, టైపు చేసి ఇస్తుంది కదా?

పాత_టైపిస్టు:
వార్తలు చదివే తెలుగైతే బాగానే వస్తుంది రాజు గారూ. మా అత్తగారి మాటలు ఇచ్చి చూశాను, ‘కండె’ (నూలు చుట్టిన చిన్న గొట్టం) అన్న చోటల్లా ‘కండ’ అని రాసింది. తనకి తెలియని మాటను తెలిసిన మాటగా మార్చేస్తుంది, చదివేవాళ్లకి అనుమానం కూడా రాదు. ఈ అమ్మాయి ఏరుకుంటున్నది ఆ మాటల్నే.

నల్గొండ_అమ్మాయి:
చాలా థ్యాంక్స్ అందరికీ. నా యాప్ చూశాను, నిజంగానే 8000లో ఉంది, కడుపు తరుక్కుపోయింది. మరి ఇప్పటికే తీసిన 11 ఏం చేయాలి?

ధ్వని_పిచ్చి:
అసలు ఫైలును ముట్టుకోకండి, కాపీ మీదే పని చేయండి. ఇంకో కాపీ వేరే హార్డ్‌డిస్క్‌లో పెట్టండి, క్యాసెట్‌లా కాపీ తీసిన కొద్దీ పాడయ్యేది కాదు. అర్థం కాని చోట ఊహించి రాయొద్దు, ‘వినపడలేదు, 14:32’ అని పెట్టేయండి. తర్వాత ఆ ముక్కలు మాత్రం తీసుకెళ్లి వాళ్లకే వినిపించండి.

నల్గొండ_అమ్మాయి:
ఆదివారం వెళ్లాను. తాతకి ఇయర్‌ఫోన్ పెట్టి ఆ నాలుగు సెకన్లు వినిపించాను. ‘ఆసు’ అట. “మీ నాయనమ్మ పొద్దంతా ఆసు పోసేది బిడ్డా” అని తన భార్య గురించి చెబుతూ, కుడిచెయ్యి ముందుకీ వెనక్కీ ఆడించి చూపించి, ఆమెకి నొప్పి ఎక్కడ ఉండేదో తన భుజం మీద చెయ్యి పెట్టి చెప్పాడు. తర్వాత గంటన్నర ఆవిడ గురించే మాట్లాడాడు. ఈసారి కాలర్ మైకు ఉంది.